కరెంటు పోయి వచ్చినా తనంతట తానే లేచే సర్వర్: డిస్కులు ఎలా విభజించుకోవాలి

నేను బరంపురంలో ఉంటాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఫోటో స్టూడియోలు, ప్రింటింగ్ ప్రెస్సులు, ల్యాబుల్లో ఉండే చిన్న లైనక్స్ సర్వర్లు చూసుకోవడం నా పని. ఓనర్లలో చాలామంది ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా మాట్లాడేవాళ్లు. సర్వర్ పక్కన కూర్చునేది వాళ్లబ్బాయో, డిజైన్ చేసే కుర్రాడో అయ్యుంటాడు. లైనక్స్ తెలిసిన మనిషి ఆ ఊళ్లో దొరకడు. నేను వెళ్లాలంటే ఒక పూట బస్సులోనే గడిచిపోతుంది. అందుకే డిస్క్ విషయంలో ఏ నిర్ణయం తీసుకున్నా ముందు ఒకటే చూస్తాను. అర్ధరాత్రి కరెంటు పోయి తెల్లారి వస్తే, ఎవరి చెయ్యీ పడకుండా ఈ మిషన్ పైకి లేస్తుందా, నేను ఇక్కణ్నుంచి లాగిన్ కాగలనా? స్పీడు, సైజు దాని తర్వాతే.

మా వైపు ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను చితక్కొట్టింది. రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను లేకపోయినా వేసవి గాలివానకి సాయంత్రం లైన్లు పోతూ వస్తూనే ఉంటాయి.

ఒక ఉదాహరణ పెట్టుకుని చెబుతాను. పర్లాకిమిడిలో ఒక పెళ్లి ఫోటోల స్టూడియో. పక్కనే కార్డుల ప్రెస్సు కూడా వాళ్లదే. అటు పాతపట్నం పెళ్లిళ్లూ వాళ్లకే వస్తాయి, ఇటు ఒడియా పెళ్లిళ్లూ వాళ్లకే వస్తాయి. సర్వర్‌లో సిస్టమ్ కోసం 480 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, డేటా కోసం 4 టీబీ హార్డ్ డిస్కులు రెండు. కమాండ్లు నోటితో చెప్పుకునేటట్టే రాస్తున్నాను. పెద్ద అక్షరం అని చెప్పిన చోట తప్ప మిగతావన్నీ కీబోర్డు మీద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి.

ముందు డిస్కు ఏదో తేల్చుకోవాలి

లైనక్స్ డిస్కులకి పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లను నమ్మకండి. ఇవాళ ఎస్‌డీబీ అన్నది రేపు రీబూట్ అయ్యాక ఎస్‌డీసీ కావచ్చు. యూఎస్‌బీ డిస్కు గుచ్చి ఉంటే ఇంకా తారుమారు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే మైనస్ ఓ అని కొట్టి నేమ్, సైజ్, మోడల్, సీరియల్, ఎఫ్ఎస్‌టైప్ అని కామాలతో ఇవ్వండి. ప్రతి డిస్కుకీ సీరియల్ నంబరు కనిపిస్తుంది. డిస్కు మీద స్టిక్కర్‌లోనూ అదే నంబరు ఉంటుంది గానీ, క్యాబినెట్‌లో బిగించాక అది లోపలి వైపు పడిపోయి కనిపించదు. బిగించే ముందే ఆ నంబరు చివరి నాలుగు అక్షరాలు తెల్ల కాగితం ముక్క మీద మార్కర్‌తో పెద్దగా రాసి, కేబుల్ గుచ్చే వైపు అంటించండి. ఏడాది తర్వాత డిస్కు పోయినప్పుడు, నేను ఫోన్‌లో ఆ నాలుగు అక్షరాలు చెబితే కుర్రాడు సరైన డిస్కే ఊడదీస్తాడు. ఒక డిస్కు చచ్చిపోయి ఉన్నప్పుడు బతికున్న రెండోదాన్ని ఊడదీశారంటే ఆ రోజు పని అక్కడితో ఆగిపోతుంది.

పాత డిస్కైతే ముందు వైప్‌ఎఫ్‌ఎస్ ఒక్కటే కొట్టి, పాత గుర్తులేమున్నాయో చూడండి. అది చూపిస్తుందే తప్ప చెరపదు. మైనస్ ఏ పెడితేనే చెరుపుతుంది. పాత రెయిడ్ (డిస్కులను జతగా నడిపే పద్ధతి) గుర్తు మిగిలిపోయిన డిస్కు కొత్త సర్వర్‌లో లేనిపోని తలనొప్పి తెస్తుంది కాబట్టి ఈ మెట్టు దాటెయ్యకండి.

విభజన

డిస్కులో పార్టిషన్లు, అంటే విడి ముక్కలు, ఎక్కడెక్కడున్నాయో రాసుండే పట్టిక జీపీటీ పద్ధతిలోనే పెట్టండి. పాత పద్ధతి ఎంబీఆర్ 2 టీబీ దాటి చూడలేదు, నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి ఇవ్వదు. జీపీటీ మామూలుగా 128 పార్టిషన్లకు చోటిస్తుంది. పైగా పట్టిక నకలు ఒకటి డిస్కు చివర్లో దాచుకుంటుంది. మొదటి పట్టిక పాడైతే ఆ నకలు నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు. పార్టెడ్ అనే కమాండ్‌తో చేస్తున్నట్టయితే పార్టిషన్ 1 ఎంఐబీ దగ్గర మొదలుపెట్టండి. ఇప్పటి డిస్కులు లోపల 4 కేబీ సెక్టార్లతో నడుస్తాయి, ఆ హద్దుకి సరిగ్గా కూర్చుంటేనే రాసే వేగం తగ్గకుండా ఉంటుంది.

హార్డ్ డిస్కులు రెండింటిలోనూ ఒక్కొక్క పార్టిషన్ చాలు. చివర్లో మాత్రం ఒక జీబీ ఖాళీగా వదిలేస్తాను. రేపు ఇంకో కంపెనీ 4 టీబీ డిస్కు తెస్తే అది కొన్ని సెక్టార్లు చిన్నదై ఉండొచ్చు. ఆ కాస్త తేడాకే మిర్రర్, అంటే ఒకే డేటాని రెండు డిస్కుల్లోనూ ఉంచే జత, కొత్త డిస్కుని తీసుకోనంటుంది. ఆ రెండు పార్టిషన్లనూ ఎండీఏడీఎం అనే కమాండ్‌తో రెయిడ్ 1, అంటే ఆ మిర్రరే, చేస్తాను. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, మిర్రర్ అంటే బ్యాకప్ కాదు. కుర్రాడు పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో పోతుంది. బ్యాకప్ డిస్కు వేరేది, సర్వర్‌కి బయట ఉండాలి.

ఎస్‌ఎస్‌డీ మీద బూట్‌కి కావలసిన రెండు చిన్న పార్టిషన్లు, మిగిలినదంతా ఎల్‌వీఎం, అంటే చోటుని తర్వాత పెంచుకోగలిగే వాల్యూమ్‌లుగా పంచే పద్ధతి. అందులో రూట్‌కి (సిస్టమ్ ఉండే చోటు) 60 జీబీ, వార్ అనే ఫోల్డర్‌కి 100 జీబీ, స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే చోటు) కొంచెం, మిగతాది ఎవరికీ ఇవ్వకుండా వదిలెయ్యండి. వార్‌ని ఎందుకు విడదీస్తామంటే లాగ్‌లు, ప్రింట్ క్యూ, డేటాబేస్ అన్నీ అక్కడే చేరతాయి. ప్రింటర్ డ్రైవర్ ఒకటి పిచ్చెక్కినట్టు లాగ్ రాసిందనుకోండి, నిండేది వార్ ఒక్కటే. రూట్ నిండదు కాబట్టి నేను బరంపురం నుంచి లాగిన్ అయి ఆ లాగ్ కత్తిరించగలను. అన్నీ ఒకే పార్టిషన్‌లో ఉంటే ఆ నిండడం సిస్టమ్ మొత్తానికి చుట్టుకుంటుంది.

డేటా మిర్రర్ మీద కూడా ఎల్‌వీఎం పెట్టి, మొదట్లో 2.5 టీబీ మాత్రమే ఇస్తాను. 4 టీబీ అని అట్ట మీద ఉన్నది లైనక్స్‌లో 3.6 గానే కనిపిస్తుంది. డిస్కు కంపెనీలవాళ్లు వెయ్యితో లెక్కిస్తారు, లైనక్స్ 1024తో లెక్కిస్తుంది. డిస్కులో ఏమీ పోలేదు. మిగిలిన ఒక టీబీ, పెళ్లి వంటల దగ్గర ఎసరు పక్కన కాగుతూ ఉంచుకున్నట్టు, ఎవరికి ముందు కావలసొస్తే వాళ్లకి. మాఘమాసం ముహూర్తాల్లో వీడియోలు నిండిపోతే ఎల్‌వీఎక్స్‌టెండ్ మైనస్ ఆర్, మైనస్ పెద్ద ఎల్ ప్లస్ 300, పక్కనే పెద్ద జీ. ఆ తర్వాత వాల్యూమ్ పేరు. చిన్న ఆర్ పెడితే ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) కూడా దాంతోపాటే పెరుగుతుంది. సర్వర్ ఆపక్కర్లేదు, స్టూడియోలో ఎడిటింగ్ చేసేవాళ్లకి తెలియను కూడా తెలియదు.

ఏ ఫైల్ సిస్టమ్

సిస్టమ్‌కి ఈఎక్స్‌టీ4, పెద్ద వీడియోలు ఉండే డేటాకి ఎక్స్‌ఎఫ్‌ఎస్. ఇది నా అలవాటు, కారణాలున్నాయి. ఈఎక్స్‌టీ4ని అన్‌మౌంట్ చేసి, అంటే సిస్టమ్ నుంచి విడదీసి, చిన్నది చెయ్యొచ్చు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ని పెంచడమే గానీ, ఇచ్చిన చోటు వెనక్కి తీసుకోవడం లేదనుకునే పెట్టుకోవాలి. అందుకే పైన మొదట్లో తక్కువ ఇవ్వమన్నాను. ఏది పెట్టాలో తేలకపోతే అంతా ఈఎక్స్‌టీ4 పెట్టుకోండి, తప్పేం లేదు.

ఈఎక్స్‌టీ4లో రెండు సంగతులు తెలిసుండాలి. ఒకటి, అది 5 శాతం చోటు రూట్ యూజర్ (అడ్మిన్) కోసం పక్కన పెడుతుంది. సిస్టమ్ పార్టిషన్‌లో ఇది మంచిదే, నిండిపోయినా మనకి ఊపిరాడుతుంది. 4 టీబీ డేటా డిస్కులో అయితే అది 200 జీబీ. అక్కడ ట్యూన్‌2ఎఫ్‌ఎస్ మైనస్ ఎం 1 కొట్టి ఒక శాతానికి తగ్గించండి. రెండోది ఐనోడ్‌లు, అంటే ఫైలు వివరాలు రాసుకునే గళ్లు. ఒక్కో ఫైలుకి ఒక్కో ఐనోడ్ కావాలి, ఆ సంఖ్య ఫార్మాట్ చేసిన రోజే తేలిపోతుంది. మామూలుగా 16 కేబీకి ఒకటి చొప్పున, అంటే 100 జీబీకి సుమారు 65 లక్షలు. స్కాన్ చేసిన చిన్న చిన్న కాగితాలు, థంబ్‌నెయిల్స్ లక్షల్లో పేరుకునే చోట చోటు సగం ఖాళీగా ఉండగానే ఐనోడ్‌లు అయిపోతాయి. సర్వర్ 'నో స్పేస్ లెఫ్ట్' అంటుంది, డీఎఫ్ మైనస్ హెచ్ చూస్తే బోలెడు ఖాళీ. అప్పుడు డీఎఫ్ మైనస్ ఐ చూడండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఐనోడ్‌లని కావలసినప్పుడల్లా తయారు చేసుకుంటుంది కాబట్టి అక్కడ ఈ బాధ చాలా అరుదు.

తెలుగు, ఒడియా ఫైలు పేర్లు

ఇది మన వైపు వాళ్లకే ఎక్కువగా తగిలే సమస్య, అందుకని కొంచెం విడమరిచి చెబుతాను. విండోస్ కంప్యూటర్ నుంచి పాత ఫోల్డర్లు కాపీ చేస్తుంటే కొన్ని ఫైళ్ల దగ్గర 'ఫైల్ నేమ్ టూ లాంగ్' అని ఆగిపోతుంది. కుర్రాడు పేరు చూసి ఇదేం పొడుగు, గట్టిగా లైనున్నర లేదు అంటాడు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరుకి 255 అక్షరాల హద్దు. ఈఎక్స్‌టీ4లోనూ, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లోనూ హద్దు 255 బైట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు కాబట్టి ఇంగ్లీషులో పేర్లు పెట్టేవాళ్లకి తేడా తెలియదు. తెలుగైనా ఒడియా అయినా యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఒక్కొక్క గుర్తుకి మూడు బైట్లు. గుణింతం, పొల్లు కూడా విడివిడి గుర్తులే. 'స్త్రీ' మన కంటికి ఒకటే అక్షరం. డిస్కుకి మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు గుర్తులు, 18 బైట్లు. 'పర్లాకిమిడి' రాస్తే 33 బైట్లు, అదే ఊరు ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే 11.

అంటే మన లిపిలో 85 గుర్తులు దాటితే లైనక్స్ ఒప్పుకోదు. ప్రెస్సు వాళ్లు పెళ్లికొడుకు ఇంటిపేరు, పెళ్లికూతురు ఇంటిపేరు, ఊరు, ముహూర్తం, 'ఫైనల్', 'ఫైనల్ కరెక్షన్' అన్నీ ఒకే పేరులో పెడతారు, ఒక్కోసారి పక్కనే ఒడియాలో కూడా. 85 ఇట్టే దాటిపోతుంది. తెలుగు పేర్లు మానెయ్యమని నేను చెప్పను, వాళ్ల పని వాళ్ల భాషలోనే జరగాలి. నేను చెప్పేది ఒకటే. ఫోల్డర్ పేరు తేదీతో మొదలుపెట్టండి. ఏడాది, నెల, రోజు అంకెల్లో వెయ్యండి, అంకె ఒక్క బైటే. ఆ తర్వాత రెండు ఇంటిపేర్లు చాలు. ఊరు, ముహూర్తం, ఎవరెవరు ఫోన్ చేశారు అన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఒక టెక్స్ట్ ఫైల్లో రాసుకోండి. పాత ఫోల్డర్లు తరలించేటప్పుడు ఒక్కసారే మొత్తం ఎత్తకుండా ఆర్‌సింక్ అనే కమాండ్‌తో కాపీ చెయ్యండి. ఏ ఫైళ్లు వెళ్లలేదో ఆ ఎర్రర్లన్నీ ఒక ఫైలుకి పంపుకుంటే, వాటి పేర్లు కుదించి మళ్లీ నడిపితే సరిపోతుంది. ఆ జాబితా ఖాళీ అయ్యేదాకా విండోస్ డిస్కు చెరపనివ్వకండి.

ఎఫ్ఎస్‌ట్యాబ్: అసలు ఆయువుపట్టు

ఎఫ్ఎస్‌ట్యాబ్ అంటే ఏ డిస్కుని ఏ ఫోల్డర్‌కి మౌంట్ చెయ్యాలో, అంటే తగిలించాలో, రాసుండే ఫైలు. ఎన్ని చేసినా సర్వర్ లేవడం, లేవకపోవడం ఈ ఒక్క ఫైలు మీద ఉంది. డిస్కుని యూయూఐడీతో (ఫైల్ సిస్టమ్‌కి ఉండే మారని గుర్తు నంబరు) రాయండి, ఎస్‌డీబీ1 అని రాయకండి. ఎల్‌వీఎం వాల్యూమ్ అయితే దాని పేరుతో రాసినా ఫరవాలేదు, ఆ పేరు మారదు. డేటా డిస్కు వరసలో ఆప్షన్లలో నోఫెయిల్ తప్పనిసరి. అది లేకపోతే, డేటా డిస్కు కనిపించని రోజు సర్వర్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. నెట్‌వర్క్ రాదు, నేను లాగిన్ కాలేను, కుర్రాడి ముందు నల్ల స్క్రీన్. నోఫెయిల్ ఉంటే డేటా లేకుండానే సర్వర్ పైకి వస్తుంది, మిగతాది నేను దూరం నుంచి చూసుకుంటాను. రూట్ వరసకి మాత్రం నోఫెయిల్ పెట్టేది లేదు. బూట్‌లో డిస్కు చెక్ చేసే వరసని చెప్పే చివరి అంకె రూట్‌కి 1, మిగతా ఈఎక్స్‌టీ4లకి 2, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి 0.

ఫైలు మార్చాక సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్, తర్వాత ఫైండ్‌ఎంఎన్‌టీ మైనస్ మైనస్ వెరిఫై, ఆ తర్వాత మౌంట్ మైనస్ ఏ. ఈ మూడూ ఎర్రర్ లేకుండా వచ్చాకే రీబూట్.

నోఫెయిల్‌తో ఒక చిక్కుంది. డేటా డిస్కు రాని రోజు ఆ ఫోల్డర్ ఖాళీగా ఉంటుంది గానీ ఉంటుంది. ఎవరో కెమెరా కార్డు తెచ్చి అందులోకి కాపీ కొడతారు. అదంతా ఎస్‌ఎస్‌డీలో రూట్ మీద పడి అది నిండిపోతుంది. తర్వాత డిస్కు మళ్లీ మౌంట్ అయితే ఆ ఫోటోలు దాని కింద పడి కనిపించకుండా పోతాయి, ఫోటోలు పోయాయని గొడవ. దీనికి చక్కటి విరుగుడుంది. డేటా డిస్కు మౌంట్ చెయ్యకముందు, ఆ ఖాళీ ఫోల్డర్ మీద సీహెచ్‌ఏటీటీఆర్ ప్లస్ ఐ కొట్టండి. ఇక అందులో ఎవరూ, రూట్ యూజర్ కూడా, ఫైలు పెట్టలేరు. మౌంట్ మాత్రం మామూలుగానే అవుతుంది, మౌంట్ అయ్యాక రాయడానికి ఏ అడ్డూ ఉండదు. డిస్కు రాని రోజు కాపీ కొట్టగానే ఎర్రర్ వస్తుంది, వెంటనే నాకు ఫోన్ వస్తుంది. ఈ చిన్న కమాండ్‌ని నేను ఏ సర్వర్‌లోనూ వదలను.

కరెంటు పోతే ఏం జరుగుతుంది

ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ రెండింటికీ జర్నల్, అంటే చెయ్యబోయే మార్పులు ముందే రాసుకునే పద్దు, ఉంది. కరెంటు హఠాత్తుగా పోయినా మళ్లీ మౌంట్ అయ్యేటప్పుడు జర్నల్ చదివి లోపలి లెక్కలు సరిచేసుకుంటాయి. జర్నల్ కాపాడేది ఫైల్ సిస్టమ్ నిర్మాణాన్ని. అప్పుడే సేవ్ కొట్టిన ఆల్బమ్ పేజీ డిస్కు మీదకి దిగకుండా మెమరీలోనే సుమారు 30 సెకన్ల దాకా ఉండొచ్చు. అది పోతుంది. కాబట్టి యూపీఎస్ ఖర్చు దగ్గర వెనక్కి తగ్గకండి. బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనే షట్‌డౌన్ అయ్యేటట్టు యూఎస్‌బీ కేబుల్ కలపండి. బయోస్‌లో కరెంటు వచ్చాక ఆన్ అవ్వాలన్న సెట్టింగ్ కూడా పెట్టండి.

రిపేరు కమాండ్లు మౌంట్ అయి ఉన్న డిస్కు మీద ఎప్పుడూ నడపకండి, ఉన్నది కూడా పాడవుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కైతే ముందు ఒకసారి మౌంట్ చేసి అన్‌మౌంట్ చెయ్యండి, జర్నల్ దానంతటదే సర్దుకుంటుంది. తర్వాత ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ మైనస్ ఎన్, ఇది చూసి చెబుతుందే గానీ ముట్టుకోదు. పెద్ద ఎల్ ఆప్షన్ జర్నల్‌నే చెరిపేస్తుంది. ఇంకే దారీ లేనప్పుడు, డిస్కు నకలు తీసుకున్నాకే దాని జోలికి వెళ్లండి.

ఫోన్‌లో చూడగలిగేవి

ప్రతి సోమవారం కుర్రాడి చేత ఒక కమాండ్ కొట్టిస్తాను, క్యాట్ స్లాష్ ప్రోక్ స్లాష్ ఎండీస్టాట్. చదరపు బ్రాకెట్లలో యూ యూ అని రెండు యూలు ఉంటే మిర్రర్ క్షేమం. లైనక్స్ రాకపోయినా ఎవరైనా చదవగలరు.

"అన్నయ్యా, ఒకటే యూ ఉంది, పక్కన కింద గీత ఉంది."

"సరే తమ్ముడూ, సర్వర్ ఆపకు. నేను చూసి నాలుగు అక్షరాలు చెబుతాను, అదే రాసున్న డిస్కు ఏదో చూసుకో."

ఆ తర్వాత నేను లాగిన్ అయి, డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ మైనస్ ఏ కొట్టి, 5వ నంబరు దగ్గర రీఅలొకేటెడ్ (చెడిపోయి బదులు చోటుకి మార్చినవి), 197 దగ్గర పెండింగ్ (చదవడానికి మొరాయిస్తున్నవి) సెక్టార్లు చూస్తాను. పెండింగ్ వారం వారం పెరుగుతుంటే ఆ డిస్కు ఎక్కువ కాలం బతకదు, కొత్తది తెప్పించెయ్యడమే.

ఇంకొకటి తరచుగా వస్తుంది. డీఎఫ్ డిస్కు నిండిందంటుంది, డీయూతో ఫైళ్ల సైజులు కూడితే సగం కూడా రాదు. డిలీట్ చేసిన ఫైలుని ఏదో ప్రోగ్రాం ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే ఇలాగే ఉంటుంది. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ పెద్ద ఎల్ 1 కొడితే ఎవరు పట్టుకున్నారో తెలుస్తుంది. ఆ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగొస్తుంది.

ఊరు వదిలే ముందు

డేటా కాపీ చెయ్యకముందే పరీక్షించండి. సర్వర్ ఆపి, ఒక హార్డ్ డిస్కు కేబుల్ ఊడదీసి ఆన్ చెయ్యండి. లేవాలి, డేటా కనిపించాలి. మళ్లీ ఆపి రెండో డిస్కు కేబుల్ కూడా తీసెయ్యండి. అప్పుడూ లేవాలి, డేటా ఫోల్డర్‌లోకి కాపీ కొడితే ఎర్రర్ రావాలి. ఓనరు గారు పక్కనుండి చూస్తే ఇంకా మంచిది, ఆయనకి ధైర్యం. తర్వాత ఆపి రెండు కేబుళ్లూ పెట్టి, మొదట తీసిన డిస్కుని ఎండీఏడీఎంతో మళ్లీ మిర్రర్‌లో చేర్చండి. ఇంత పెద్ద మిర్రర్‌కి ఎండీఏడీఎం తనే బిట్‌మ్యాప్ (ఏ ముక్కలు మారాయో గుర్తుంచుకునే పట్టిక) పెట్టుకుంటుంది కాబట్టి అదే డిస్కు అయితే మారిన ముక్కలే రాసుకుని త్వరగా అయిపోతుంది. కొత్త 4 టీబీ డిస్కైతే సెకనుకి 150 ఎంబీ చొప్పున లెక్కేసినా ఏడు గంటలు దాటుతుంది. ఆ మధ్యలో పని చేసుకోవచ్చు, కాస్త నెమ్మదిస్తుందని వాళ్లకి ముందే చెప్పండి. చివరగా ఎల్‌ఎస్‌బీఎల్‌కే, ఎఫ్ఎస్‌ట్యాబ్ రెండూ ఒక కాగితం మీద ప్రింట్ తీసి, క్యాబినెట్ తలుపు లోపలి వైపు అంటించి రండి.